గిన్నెలు బొమ్మలకి పనికొస్తాయా?

ప్రశ్న: మాది కోనసీమలో రావులపాలేనికి దగ్గర్లో ఒక పల్లె. పెళ్ళికి ముందు డ్రాయింగ్ లోయరూ హయ్యరూ పాసయ్యాను, తర్వాత ఇరవై ఏళ్ళు బ్రష్షు ముట్టుకోలేదు. పిల్లలిద్దరూ చదువులకి హైదరాబాద్ వెళ్ళాక మళ్ళీ వాటర్ కలర్స్ కొనుక్కున్నాను. అందరూ గోదావరి, పడవలు, పాపికొండలు వేస్తున్నారు. మా అత్తగారు మంచం మీద ఉన్నారు, ఆవిణ్ణి వదిలి గంటసేపు కూడా బయటికి వెళ్ళలేను. అందుకని వంటింట్లో ఉన్న ఆవకాయ జాడీ, ఇత్తడి గుండిగ వేశాను. మా బావగారు చూసి, "గిన్నెలు తోముకోడానికమ్మా, బొమ్మలేసుకోడానికా?" అన్నారు. నిజంగా ఇది బొమ్మ కిందికి వస్తుందా? గుండిగ ఇత్తడిలా రాలేదు, పసుపు పూసినట్టు వచ్చింది. జాడీ ఒరిగిపోతున్నట్టుంది. ఇంట్లో సామాన్లలో అందం ఎలా చూడాలి, ఎలా అమర్చుకోవాలి? ఫోటోలు పంపుతున్నాను.

సమాధానం: వస్తుందమ్మా. బొమ్మ కిందికే వస్తుంది, ఆ అనుమానం పెట్టుకోకండి.

మీ బావగారి మాట కొత్తదేం కాదు. పారిస్‌లో రాజుగారి కళా అకాడమీ పదిహేడో శతాబ్దంలోనే ఆ మాటని ఏకంగా ఒక పద్ధతిగా రాసి పెట్టుకుంది. పురాణాలూ యుద్ధాలూ వేసేవాడు అందరికన్నా పైన, ఆ కింద మనుషుల ముఖాలు వేసేవాడు, ఇంకా కింద చెట్టూ చేమా వేసేవాడు, అట్టడుగున పళ్ళూ గిన్నెలూ వేసేవాడు. ఆ అట్టడుగు మెట్టు మీదే పేరు తెచ్చుకున్నవాడు షార్డాన్ (1699–1779), ఒక వడ్రంగి కొడుకు. 1728లో అదే అకాడమీ అతన్ని సభ్యుడిగా తీసుకుంది. వాళ్ళకి అతను ఇచ్చిన బొమ్మల్లో ఒకటి, పొట్ట చీల్చి కొక్కేనికి తగిలించిన టేకు చేప, అదే, పళ్ళెంలా చదునుగా, పొడుగు తోకతో ఉండే చేప. మన అంతర్వేది వైపు వాళ్ళకి టేకు చేప అంటే వేరే చెప్పక్కర్లేదు కదా! 1734 ప్రాంతంలో అతను ఇంకో బొమ్మ వేశాడు. అందులో వంటింట్లో నీళ్ళు నిలవ చేసుకునే రాగి తొట్టి, దానికి కుళాయి, పక్కన ఒక బకెట్టు, ఒకటి రెండు చిన్న సామాన్లు, అంతే. మనుషుల్లేరు, కథ లేదు. సైజు మన ఏ ఫోర్ కాగితమంత ఉంటుంది. ఇప్పుడది లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఫోన్‌లో వెతికి చూడండి, ఆ తొట్టికీ మీ గుండిగకీ చుట్టరికం మీకే కనిపిస్తుంది.

ఇదంతా బావగారికి చెప్పి వాదించమని కాదు. వాదిస్తే టెన్షన్ మీకే. మీరు వేసుకుంటూ పోండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ రెండు ఫోటోలూ జాగ్రత్తగా చూశాను. జాడీ కింద పట్టుచీర పరిచారు, గుండిగ పక్కన ముద్దమందారం పెట్టారు. ఆ రెండూ తీసేయండి. జాడీ ఒక్కటే చాలదేమో, దాన్ని కాస్త గొప్పగా చూపించాలేమో అన్న భయం అందులో ఉంది, అదే బొమ్మని కేలండర్ వైపు లాగేస్తోంది. "అందం ఎలా చూడాలి" అని అడిగారు కదా, నా జవాబు ఏమిటంటే, అందం కోసం చూడటం కొన్నాళ్ళు మానేయండి. ఆ సామాను గురించి మీకు తెలిసింది వేయండి. గుండిగ ఎంత బరువో మీ చేతులకి తెలుసు, ఏ పక్క సొట్ట పడిందో తెలుసు, చింతపండుతో తోమిన రోజు దాని రంగు ఎలా ఉంటుందో, వారం పోయాక ఎలా కందిపోతుందో తెలుసు, లోపల కళాయి ఎక్కడ లేచిపోయిందో కూడా తెలుసు. ఆర్ట్ కాలేజీ కుర్రాడికి బల్ల మీద పెట్టి ఇచ్చిన గుండిగ గురించి ఇందులో ఒక్కటీ తెలియదు. అతనికి అది ఒక ఇత్తడి పాత్ర, మీకు అది ఫలానా గుండిగ. ఈ తేడా బొమ్మలో తప్పకుండా కనిపిస్తుంది, కనిపించేలా వేస్తే.

మరి మీకు ఇంత తెలిసినా గుండిగ పసుపు పూసినట్టు ఎందుకొచ్చిందంటే, ఇత్తడి అనగానే మనసులో పసుపు రంగు అని ఒక మాట పడిపోయింది, మీరు ఆ మాటని వేశారు. లేత పసుపు, ముదురు పసుపు, ఇంకాస్త ముదురు పసుపు. ఇప్పుడు వెళ్ళి గుండిగ ముందు కూర్చుని కళ్ళు సగం మూసి చూడండి. నిజంగా పసుపు అనదగ్గ చోటు ఎంత కొద్దిగా ఉందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఒక పక్క దాదాపు నల్లగా ఉంటుంది. కింది సగంలో మీ ఎర్ర గచ్చు నీడ పడి ఇటుక రంగులో ఉంటుంది, కిటికీ వైపు కొబ్బరాకుల పచ్చదనం వచ్చి ఆనుకుంటుంది. లోపల కళాయి ఉన్న చోట పసుపు అసలే ఉండదు, బూడిద రంగు. మెరుపు మాత్రం చిన్నది, చాలా చిన్నది, దాని పక్కనే ముదురు రంగు ఉంటుంది కాబట్టే అది మెరుస్తుంది. తోమిన లోహం మీద వెలుగు నుంచి చీకటికి మెల్లగా జారదు, గీత గీసినట్టు తెగిపోతుంది. తోమని దాని మీద అంచులు కొంచెం మెత్తబడతాయి. సుత్తితో కొట్టి చేసిన పాత గుండిగైతే ఒంటి నిండా చిన్న చిన్న పలకలుంటాయి, ఒక్కో పలకా వెలుతుర్ని ఒక్కో వైపు తిప్పుతుంది. పెరవలి దగ్గర అజ్జరంలో ఇప్పటికీ ఇత్తడి సామాను చేస్తున్నారు, అటు వెళ్ళే పని ఎప్పుడైనా పడితే ఒక పూట నిలబడి చూడండి, అప్పుడే తయారైన సామాను ఎలా ఉంటుందో చూస్తే మీ ఇంట్లో దాని మీద ఏళ్ళు చేసిన పని విడిగా కనిపిస్తుంది.

రంగుల సంగతికొస్తే, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్ బ్లూ, ఈ నాలుగుతో గుండిగ మొత్తం వస్తుంది. అంబర్‌లో బ్లూ కలిపితే మీక్కావలసిన నలుపు వస్తుంది, డబ్బాలో నలుపు వాడకండి, అది చచ్చిన నలుపు. మెరుపున్న చోట కాగితాన్ని ఖాళీగా వదిలేయండి. దుకాణంలో బంగారు రంగు డబ్బాలు అమ్ముతారు, దయచేసి వాటి జోలికి పోవద్దు. బంగారు రంగు పూసిన చోటంతా ఒకేలా మెరుస్తుంది, మీ గుండిగ అలా మెరవదు. ఇంకొక్క మాట, ముందు ముదురు రంగులు వేసే ధైర్యం చేయండి. మీ బొమ్మలో అన్నిటికన్నా ముదురుగా ఉన్న చోటు కూడా భయపడుతూ వేసినట్టుంది. వాటర్ కలర్ ఆరాక ఎలాగూ లేతబడుతుంది, కాబట్టి తడిగా ఉన్నప్పుడు 'అయ్యో, ఎక్కువైందేమో' అనిపించాలి.

జాడీ ఒరిగినట్టు ఎందుకుందంటే, రెండు కారణాలు. మూతి దగ్గర గుండ్రాన్ని రెండు చివరలా మొనదేలేలా గీశారు. అక్కడ మొన ఉండదు, పక్క నుంచి చూసినా గుండ్రం గుండ్రంగానే మలుపు తిరుగుతుంది, కాకపోతే బిగువుగా తిరుగుతుంది. రెండోది, మూతి గుండ్రంగా వేసి అడుగుని మాత్రం సమంగా గీత గీసేశారు, బల్ల మీద నిలబడిందని కాబోలు. మన కళ్ళు జాడీకి పైన ఉన్నాయి కదా, కంటికి ఎంత కిందికి పోతే గుండ్రం అంత విచ్చుకుంటుంది. అంటే అడుగు వంపు మూతి వంపు కన్నా ఎక్కువగా ఉండాలి. పెద్ద పెద్ద వాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు. జాడీ మధ్యలో పై నుంచి కిందికి ఒక నిలువు గీత సన్నగా వేసుకుని, రెండు పక్కలా సమానంగా ఉందో లేదో కొలుచుకోండి. కాగితాన్ని అద్దంలో చూస్తే ఒరుగు వెంటనే దొరికిపోతుంది. జాడీ మూతికి వాసెన కట్టిన బట్ట మాత్రం బాగా వేశారు, ఆ ముడతలు, తాడు బిగిసిన చోట బట్ట ఉబ్బిన తీరు, నూనె ఎక్కిన మరక. మొత్తం బొమ్మలో మీరు చూసి వేసిన చోటు అదే, మిగతాది తెలుసనుకుని వేశారు.

ఇక అమర్చుకోవడం. అమర్చకండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక తోమిన గిన్నెల బుట్ట దగ్గరికి వెళ్ళి చూడండి. గ్లాసులు బోర్లించి, పళ్ళేలు ఒకదానికొకటి ఆనించి, గరిటె కాడ బయటికి పొడుచుకొచ్చి, కింద నీటి చుక్కలు. అంత చక్కటి అమరిక కావాలని చేద్దామన్నా కుదరదు, ఎందుకంటే ఏది ఎక్కడ నిలబడుతుందో చేతి అలవాటు తేల్చింది. నిజం చెప్పాలంటే ఇత్తడి గుండిగ కన్నా ఈ స్టీలు బుట్ట వేయడమే మీకు ఎక్కువ మంచిదని నా అభిప్రాయం. పాత సామాను చూడగానే జనం "అబ్బ, మా అమ్మమ్మ గారింట్లో ఉండేది" అంటారు, లైకులు పడతాయి, కానీ ఆ మెప్పు గుండిగకి పడింది, మీ బొమ్మకి కాదు. తిరగలి, రుబ్బురోలు, ఉట్టి, మరచెంబు, ఇవన్నీ వేయొచ్చు, ఇష్టముంటే తప్పకుండా వేయండి, కానీ అవి మాత్రమే వేస్తే మీరు మీ వంటిల్లు వేయడం లేదు, ఎవరో చెప్పిన పల్లెటూరి వంటిల్లు వేస్తున్నారు. మీ వంటింట్లో ప్రెజర్ కుక్కరుంది, గ్యాస్ పైపుంది, ప్లాస్టిక్ డబ్బాల వరసుంది. ఎర్ర ప్లాస్టిక్ మగ్గుని కిటికీలో పెట్టి చూడండి, వెలుతురు దాని గుండా వచ్చేసి లోపలంతా నిప్పు రంగులో వెలుగుతుంది. ఇత్తడి ఎంత గొప్పదైనా ఆ పని చేయలేదు.

స్టీలు గిన్నెకి సొంత రంగు దాదాపు లేదు, చుట్టుపక్కల ఉన్నదే దాని రంగు. మీరు ఆకుపచ్చ చీర కట్టుకుని ఎదురుగా కూర్చుంటే గిన్నెలో ఒక ఆకుపచ్చ చార నిలబడుతుంది, అది కూడా వేయాల్సిందే. పెళ్ళిలో చదివించిన సామాను మీద పేర్లు కొట్టించి ఉంటాయి కదా, ఆ అక్షరాల్ని చూడండి, ఎదురుగా ఉన్నవి వెడల్పుగా, పక్కలకి పోయేకొద్దీ ఇరుకై ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, వరస మొత్తం గిన్నె అంచుతో పాటే వంగుతుంది. ఆ అక్షరాలు సరిగ్గా వేస్తే గిన్నె గుండ్రంగా ఉందని చెప్పడానికి వేరే నీడలు కూడా అక్కర్లేదు. ఎవరి పేరో, ఏ సంవత్సరమో చదవగలిగేలా వేయండి, దాచకండి.

వెలుతురు గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. పుస్తకాల్లో ఉత్తరపు కిటికీ పక్కన కూర్చోమని రాస్తారు, ఎందుకంటే అక్కడ ఎండ నేరుగా పడదు, రోజంతా వెలుతురు ఒకే తీరుగా ఉంటుంది. ఆ పుస్తకాలు యూరప్‌లో పుట్టినవి. మన కోనసీమ ఉన్నది 16, 17 డిగ్రీల అక్షాంశాల మధ్య, అందుకని మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరంగానే ఉంటాడు. వేసవిలో పొద్దున్నా సాయంత్రం కూడా ఎండ ఉత్తరపు కిటికీలోకి ఏటవాలుగా దూరుతుంది. ఆ నెలల్లో కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టుకోండి, సరిపోతుంది. చలికాలంలో ఉత్తరపు కిటికీ హాయి. తూర్పు కిటికీ పక్కన వేయాలనుకుంటే రోజూ అదే వేళకి అరగంట మాత్రం కూర్చుని లేచిపోండి, నీడ కదిలిపోయాక దాన్ని తరుముతూ వేసిన బొమ్మలో మూడు నాలుగు సూర్యుళ్ళుంటారు. మీది మండువా ఇల్లయితే అదృష్టవంతులు, పై నుంచి పడే ఆ వెలుతురు గిన్నెల భుజాల మీద ఆగి, పొట్ట కింద చీకటి చేస్తుంది, ఆకారం దానంతటదే తేలుతుంది.

బయటికి వెళ్ళలేకపోతున్నానన్న దిగులు మీ ఉత్తరంలో కనిపించింది. ఇటలీలో బొలోనా అనే ఊళ్ళో మొరాండీ (1890–1964) అని ఒకాయన ఉండేవాడు. ముగ్గురు అక్కచెల్లెళ్ళతో కలిసి ఒక ఇంట్లో ఉంటూ, తను పడుకునే గదిలోనే బొమ్మలు వేసుకుంటూ, అవే సీసాలు, అవే డబ్బాలు, అవే కూజాలు దశాబ్దాల పాటు వేశాడు. దేశం దాటి వెళ్ళింది బహు తక్కువ. సీసాల మెరుపు అడ్డం వస్తోందని వాటికి మెరుపు లేని రంగు పూసేవాడు, పడిన దుమ్ము తుడవనిచ్చేవాడు కాదు. దుమ్ము సంగతి మన ఇళ్ళలో కుదరదనుకోండి, అత్తగారు ఊరుకోరు. కానీ ఆయన చేసిన ఇంకో పని మీకు పనికొస్తుంది. ఏ సీసా ఎక్కడుందో బల్ల మీద పరిచిన కాగితంపై దాని అడుగు చుట్టూ పెన్సిల్‌తో గీసి ఉంచుకునేవాడు. మీ ఇంట్లో ఉన్న చిక్కు ఏమిటంటే, సగం వేసేసరికి ఆ గిన్నెతో ఎవరికో పని పడుతుంది. పడనివ్వండి. సుద్దముక్కతో అడుగు చుట్టూ గీసి, కాడ ఏ వైపుందో ఒక గుర్తు పెట్టుకుంటే, అందులో సాంబారు కాచి, తోమి, మర్నాడు మళ్ళీ అక్కడే పెట్టొచ్చు.

గోదావరి వేసేవాళ్ళని చూసి వెనకబడ్డాననుకోకండి. కానీ వీలు చిక్కినప్పుడు ఎవరినైనా అత్తగారి దగ్గర కూర్చోబెట్టి రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి ఒకసారి వెళ్ళి రండి. ఆయన ఎక్కువగా మనుషుల్ని వేశారు, గిన్నెల కోసం వెళ్ళమనడం లేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి చదువుకుని తిరిగొచ్చి, 1925లో 28 ఏళ్ళైనా నిండకుండా మశూచితో పోయారు. ఆయన భార్య సత్యవాణి గారూ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారూ కూడా చిత్రకారులే. వందేళ్ళ కిందట ఈ గోదావరి ఒడ్డున ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు బ్రష్షు పట్టుకున్నారన్నది మీకు తెలిసి ఉండాలి.

వానాకాలంలో కాగితం జాగ్రత్త. మన దగ్గర ఆషాఢం మొదలు తుఫాన్లు తగ్గే కార్తీకం దాకా గాలి నిండా తేమే. పల్చటి కాగితం అలలు తిరుగుతుంది, బూజు పట్టిన చోట రంగు మచ్చలుగా ఇంకిపోతుంది. 300 జీఎస్ఎం అని రాసి ఉండే మందపాటి కాగితం కొద్దికొద్దిగా కొనుక్కోండి, పాలిథిన్ కవర్లో బిగించి గోడకి ఆనకుండా ఉంచండి. ఒక పూత ఆరడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి రెండు బొమ్మలు పక్కపక్కనే పెట్టుకుని ఒకటి ఆరేలోగా రెండోది వేయండి.

చివరిగా, అత్తగారిని వదిలి గంటసేపు కూడా వెళ్ళలేనని రాశారు, అంటే రోజులో ఎక్కువ సేపు ఆవిడ గదిలోనే గడుస్తుంది కదా. మరి ఆ గదిలోని వస్తువులు ఒక్కటీ ఎందుకు వేయలేదు? మంచం పక్క స్టూలు మీద ఏమేం ఉంటాయో నేను ఊహించగలను, మరచెంబో స్టీలు గ్లాసో, మందుల స్ట్రిప్పులు, అమృతాంజనం సీసా, టార్చిలైటు, తాటాకు విసనకర్ర, కళ్ళజోడు. 1888లో వాన్ గో అనే డచ్ చిత్రకారుడు తన కుర్చీని వేశాడు, గడ్డి అల్లిక కుర్చీ, దాని మీద తన పైపూ పొగాకూ. అదే సమయంలో తనతో ఉంటున్న స్నేహితుడు గొగాన్ కుర్చీ వేశాడు, దాని మీద కొవ్వొత్తీ పుస్తకాలూ. ఇద్దరిలో ఎవరూ బొమ్మలో లేరు, అయినా ఏ కుర్చీ ఎలాంటి మనిషిదో తెలిసిపోతుంది. ఆ స్టూలు కూడా అలాంటిదే. ఏ వస్తువు చేతికి అందేంత దగ్గరుందో, ఏది వెనక్కి జరిగిందో, గ్లాసు మీద మూత ఎందుకుందో, అన్నీ ఆవిడ సంగతులే.

ఆవిణ్ణి అడిగి వేయండి. ఎవరికైనా తన మందులు అలా బయటపెట్టడం ఇష్టం లేకపోవచ్చు. ఒప్పుకుంటే మంచం ఎత్తుకి దిగి, ఆవిడ కళ్ళు ఉండే చోటు నుంచి చూసి వేయండి, నిలబడి చూస్తే కనిపించేది వేరు. అక్కణ్ణుంచి గ్లాసు మూతి కంటికి ఎదురుగా వస్తుంది, గుండ్రం దాదాపు గీత అయిపోతుంది, ఇందాక జాడీకి చెప్పిన లెక్కే. స్ట్రిప్పులో మాత్ర ఉన్న చోట బుడిపె మీద చుక్కంత మెరుపు, వాడేసిన చోట రేకు చిరిగి లోపల ముదురు నీడ. ఆ మెరుపులకి తెల్లరంగు వాడకండి, ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని కాగితం వదిలేయండి. వేశాక ఫోటో పగటి వెలుతురులో తీసి పంపండి, ట్యూబులైటు కింద తీస్తే రంగులు నాకు సరిగ్గా తెలియడం లేదు.